నీలం చొక్కాల మంద

లింగప్ప గొర్రెల నడుముల మీద ఎర్రకావి పట్టీ ఒకటి అడ్డంగా ఉంటుంది. బొచ్చు కత్తిరించిన ప్రతిసారీ కొత్తగా పూస్తాడు. పుంగనూరుకూ పలమనేరుకూ నడుమ ఉన్న ఆ మెట్ట ఊళ్లలో గొర్రెలున్న ప్రతి ఇంటికీ ఇట్లాంటి గుర్తు ఉంటుంది. ఒకరిది చెవి దగ్గర పచ్చరంగు, ఒకరిది తోక మీద నీలిమందు. రాజులకు జెండాలూ మఠాలకు ముద్రలూ ఎట్లా పుట్టాయో చెప్పే లావుపాటి పుస్తకాలు లోకంలో చాలా ఉన్నాయి. అవన్నీ తిరగేసినా, గుర్తున్న జీవాన్ని నాదని వచ్చి అడిగేవాడొకడు ఉంటాడన్న సంగతే చివరికి మిగులుతుంది. లింగప్పకు అది పుస్తకం లేకుండానే ఒంటికి పట్టిన సంగతి.

గుర్తుకు తోడు కాపరుల్లో ఒక కట్టుబాటు ఉంది. బీట్లో ఒంటరిగా పడిపోయిన గొర్రె కనిపిస్తే, ఎవరిదైనా సరే, దాని మనిషి వచ్చేదాకా పక్కన నిలబడాలి. అదే గుర్తున్న మంద దగ్గర్లో ఉంటే మాత్రం చెయ్యి వేయకూడదు. వాళ్ల జీవాన్ని వాళ్లు చూసుకుంటారు. తెలియని వయసులో లింగప్ప ఒకసారి కుంటుతున్న పిల్లను జాలిపడి ఎత్తుకున్నాడు. దాని మంద గట్టుకు అవతలే ఉంది. దొంగని పట్టుకున్నామని ఆ ఊరివాళ్లు అతన్ని చింతచెట్టుకు కట్టేశారు. తండ్రి పోయి కాళ్లావేళ్లా పడి విడిపించుకొచ్చాడు. ఆ తర్వాత లింగప్ప ఇంకొకరి మంద జోలికి పోలేదు.

అతని ఒక్కగానొక్క కొడుకు సుధాకర్. అంగళ్లు దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబు అటెండరుగా చేరి, మదనపల్లెలో గది తీసుకుని ఉండేవాడు. ఒక లెక్చరరు కొన్నాళ్లు తొక్కి మూలన పడేసిన రేసు సైకిలు కొనుక్కున్నాడు. ఆదివారమొస్తే దాని మీద పుంగనూరు దాటి ఊరికి వచ్చి, అమ్మ పెట్టింది తిని, మళ్లీ తొక్కుకుంటూ పోయేవాడు. ఆ సైకిలు చక్రాలు చూసి లింగప్ప మొదటి రోజే అన్నాడు, "ఇవేం టైర్లురా, వానపాములట్లుండాయి."

కొన్నాళ్లకు సుధాకర్ ఒంటికి అతుక్కుపోయిన నీలం చొక్కాతో వచ్చాడు. రొమ్ము మీదా వీపు మీదా తెల్లటి పరాయి అక్షరాలు. ఇంటి ముందర గొర్రెల దొడ్డి ఊడుస్తున్న వాళ్లమ్మ రెడ్డెమ్మ చీపురు వదిలేసి కొంగుతో నోరు మూసుకుని నవ్వింది.

"ఇది ఎవురి గుర్తురా?" అన్నాడు లింగప్ప.

"బెల్జియం అనే దేశంలో ఒగ టీము నాయనా. పెద్ద పెద్ద పందేలు తొక్కుతారు."

"ఆ రాతలేంది?"

"వాళ్లకు డబ్బు పెట్టే కంపెనీ పేరు. గడ్డి కోసే మిషన్లు చేస్తారు."

"గడ్డి కోసేటోళ్లా? అయితే మనోళ్లే. జీతం ఎంతిస్తారు నీకు?"

"జీతమేంది నాయనా, నేనే కొనుక్కున్నా."

లింగప్ప ఆ చొక్కా అంచు వేళ్లతో పట్టి చూశాడు. "ఇదేం ఇచిత్రంరా. గొర్రే పోయి, కావి కొనుక్కొచ్చుకొని, పరాయోడి గుర్తు పూసుకున్నట్టుండాది."

సుధాకర్ కూడా నవ్వేశాడు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. కుప్పం నుంచి కొందరు ఇదే చొక్కాలు వేసుకుని ఈ దారిన వస్తుంటారట. వాళ్లు బారుగా పోతుంటే కొంగలు ఎగిరినట్టు ఉంటుందట. అది చూసే తనూ తెప్పించుకున్నాడట. వాళ్లతో మాట కలిపాడో లేదో చెప్పలేదు. లింగప్ప అడగలేదు. చొక్కా ఒకటైనప్పుడు అడగడానికేముందని అనుకున్నాడు. కార్తీకంలో నల్లబట్టల సాములు, ముక్కూ మొహం తెలియకపోయినా, పలమనేరు బస్టాండులో "సామీ" అని పలకరించుకుని అటుకులు పంచుకోవడం అతను ఏటేటా చూస్తున్నదే. మదనపల్లెలో ఒంటిగా ఉండే బిడ్డకు ఒక మంద దొరికిందని అతనికి లోలోపల నిమ్మళం కలిగింది.

ఫ్రాన్సులో మూడు వారాలపాటు సాగే సైకిలు పందెంలో అందరికన్నా ముందున్నవాడు పసుప్పచ్చ చొక్కా తొడుక్కుంటాడు. పందెం పెట్టిన పత్రిక పసుప్పచ్చ కాగితం మీద అచ్చయ్యేది కాబట్టి ఆ రంగు వచ్చిందంటారు. గెలవనివాడు దాన్ని తొడుక్కుంటే సైకిళ్లవాళ్లలో తలవంపులు. మిగతా టీముల చొక్కాలకు అంత పట్టింపు లేదు, ఎవరైనా కొనుక్కోవచ్చు. కాకపోతే ఆ చొక్కా వేసుకుని మిట్ట ఎక్కలేక చతికిలబడితే పక్కవాళ్లు నవ్వుతారు. ఈ సంగతులు సుధాకర్‌కు తెలుసు. లింగప్పకు తెలియవు.

ఆ ఆదివారం సుధాకర్ పొద్దున్నే వచ్చి, రాగిసంగటి తిని, ఈసారి కుప్పం దాకా పోయొస్తానని పలమనేరు వైపు తొక్కుకుంటూ వెళ్లాడు. కాసేపటికి లింగప్ప రోడ్డు వార గొర్రెల్ని మేపుతుండగా, పుంగనూరు వైపు నుంచి కుప్పానికి తిరిగిపోతూ నీలం చొక్కాలు వచ్చాయి. ఏడెనిమిది మంది. బారుగా, చప్పుడు లేకుండా, నిజంగానే కొంగల్లాగా. కొడుకు పోయిన దారినే పోయారు. తోడు కలుస్తారులే అనుకున్నాడు.

వాళ్లు మలుపు తిరిగిన కొంచెంసేపటికి ఎదురు దిక్కు నుంచి బైరప్ప ఆటో వచ్చింది. పక్క ఊరివాడు, టమోటా పెట్టెలు మార్కెట్టుకు తోలుతుంటాడు. బండి ఆపకుండా నెమ్మది చేసి తల బయటపెట్టాడు.

"అన్నా, మీ సుధాకర్ మిట్ట కింద గుంతలో పడినట్టుండాడు. దావ పక్కన కూచోనుండాడు."

"దెబ్బలేమన్నా?"

"మోకాలు గీసుకుండాది. కడుపు పట్టుకోనుండాడు. నేను ఆపుదామనుకుంటే, ఆ నీలం సొక్కాలోళ్లు ఎదురైనారు, ఆడికే పోతాండారు."

"వాళ్లోళ్లు పోతాండారు గదా. అయితే సరే," అన్నాడు లింగప్ప.

బైరప్ప వెళ్లిపోయాడు. లింగప్ప గొర్రెల్ని నీళ్లకు తోలుకుపోయాడు. మిట్ట అక్కడికి అంత దూరమేం కాదు, నడిచి పోగలడు. పోవాలని అనిపించక కాదు. పోయి వాళ్ల మధ్య నిలబడితే కొడుక్కు నామర్దా అనిపించింది. వాళ్ల గుర్తు, వాళ్ల జీవం. చూసుకుంటారు.

ఎండ ముదిరాక ఆ దారిన వచ్చిన ఒక పాలవ్యానువాడు సుధాకర్‌ను చూసేసరికి అతను పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది. సైకిలు హ్యాండిలు కడుపులో గుచ్చుకుని లోపల ప్లీహం చిట్లిందనీ, బయటికి చుక్క రక్తం రాకుండానే మనిషి పోతాడనీ, ముందే తెచ్చి ఉంటే బతికేవాడేమో చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. ఆ చివరి మాట లింగప్ప చెవిలో ఉండిపోయింది.

నీలం చొక్కాలవాళ్లు ఆగకుండా పోయారన్న మాట బైరప్ప నోట మొదలై ఊరంతా పాకింది. ఆ రోజు నుంచి రెడ్డెమ్మ పొద్దున దొడ్డి ఊడుస్తూ మొదలుపెట్టి దీపం పెట్టేదాకా వాళ్లను తిట్టేది. "ఒగే బట్ట కట్టుకున్నోడు పడుంటే తొక్కుకుంటా పోయినారే, వాళ్ల కాళ్లు ఇరిగిపోను. వాళ్ల తల్లులకు కూడు దిగుతాందా." పరామర్శకు వచ్చినవాళ్లు ఒక మాట కలిపేవాళ్లు. లింగప్ప పక్కనే కూర్చుని వినేవాడు. బైరప్ప తనకు ముందే చెప్పాడన్న మాట ఆమెకు చెప్పలేదు. బైరప్పా ఎందుకో ఆ ముక్క మాత్రం ఎత్తలేదు.

తిట్లు వింటున్న కొద్దీ లింగప్పకు ఒకటే పట్టుకుంది. వాళ్లు తమవాణ్ణి తాము వదిలేసి పోయారా, లేక వాడు వాళ్లవాడే కాదా? మొదటిదైతే పాపం వాళ్లది. రెండోదైతే ఆ మిట్ట కింద పడింది ఒంటరి జీవం. అప్పుడు పక్కన నిలబడాల్సింది, కబురు విన్నవాడు.

నెల తిరగ్గానే ఒక ఆదివారం, కుప్పంలో గొర్రెల బేరముందని చెప్పి బస్సెక్కాడు. పలమనేరులో మారాడు. నీలం చొక్కాలవాళ్లు కుప్పం బస్టాండు దగ్గరి టిఫిన్ హోటల్లో కూర్చుంటారని బైరప్ప ద్వారా తెలుసుకున్నాడు. నిజంగానే ఉన్నారు. సైకిళ్లు గోడకు ఆనించి, టోపీలు బల్ల మీద పెట్టి, నవ్వుకుంటూ ఇడ్లీ తింటున్నారు. అవే అక్షరాలు, అదే నీలం. లింగప్ప చెప్పులు విప్పి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఏం తాతా, ఫొటో కావాల్నా?" అన్నాడు ప్రదీప్ అనే కుర్రవాడు.

"వొద్దు నాయనా. ఒగ మాట అడగాల. పుంగనూరు దావలో, మిట్ట కింద, ఇదే సొక్కాతో ఒగ పిల్లోడు పడుండె. మీరు సూసినారా?"

వాళ్లలో పెద్దవాడు హేమంత్, కుప్పంలో కళ్లద్దాల షాపు అతనిది, చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వెవురు పెద్దాయనా?"

"వాడి నాయన్ని."

హేమంత్ లేచి కుర్చీ జరిపాడు. లింగప్ప కూర్చోలేదు.

"చూసినామప్పా. నేను బ్రేకు పట్టినా. బాగుండావా అని అడిగినా. కూచోనే నవ్వి, బొటనవేలు ఎత్తి చూపించినాడు. పొండి అన్నట్టు చెయ్యి ఊపినాడు. పోయినాడని పేపర్లో చూసినాంక నాకు అన్నం దిగలేదు."

"మీ మందలోవాణ్ణి అట్లా ఇడిసిపెట్టి పోతారా?"

"మా వాడు కాదప్పా. అతని పేరు గూడా పేపర్లోనే చూసినాము."

"సొక్కా మీదే గదా."

హేమంత్ తన చొక్కా వైపు కొత్తదాన్ని చూసినట్టు చూసుకున్నాడు. "ఇది మాదీ కాదు. ఫోన్లో నొక్కితే ఎవురికైనా పంపిస్తారు. ఈ టీమోళ్ల మొగం గూడా మేము టీవీలో చూసిందే."

ప్రదీప్ తల ఎత్తకుండా అన్నాడు. "నేనొగ మాట అన్నా తాతా ఆ పొద్దు. మిట్ట ఎక్కలేక కూచున్నాడనుకున్నా. సొక్కా సూస్తే బెల్జియం, ఎక్కేది సూస్తే ఎడ్లబండి అన్నా. అందరం నవ్వినాము. ఆయన గూడా నవ్వినాడు. నవ్వినాంకే చెయ్యి ఊపినాడు."

లింగప్ప ఆ పిల్లవాణ్ణి చూశాడు. సుధాకర్ ఈడువాడే. తిట్టడానికే ఇంత దూరం వచ్చాడు. ఇంటి దగ్గర రెడ్డెమ్మ తిట్టే తిట్లన్నీ నోటికి వచ్చు. ఒక్కటీ రాలేదు. వాళ్లు పరాయివాళ్లు. దారిన పోయే పరాయివాళ్లు ఆగి అడిగారు, కొడుకు పర్లేదన్నాడు, పోయారు. వాళ్ల మీద వేయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. హేమంత్ కాఫీ తెప్పించాడు. లింగప్ప తాగకుండానే బయటికి నడిచాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. మిట్ట వచ్చినప్పుడు తల అటు తిప్పలేదు.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. రెడ్డెమ్మ దొడ్డిలో పేడ గంపకెత్తుతూ తిడుతోంది. "తిన్నది ఒంటికి పట్టదులేండిరా మీకు, నీలం పాడెల మీద పోతారు..."

"మే, వాళ్లను తిట్టొద్దు."

"యాల తిట్టగూడదు?"

"నేను వాళ్లను సూసొచ్చినా. వాళ్లు వాడి మందలోళ్లు గాదు. సొక్కా అంగట్లో దొరికేదంట. వాళ్లకు వాడెవురో తెల్దు."

"తెల్దంటే? పడినోడు కంటికి ఆనలేదా?"

"అడిగినారంట. వాడే పొమ్మన్నాడంట." లింగప్ప దొడ్డి కంచెను పట్టుకున్నాడు. "నాకు తెలుసు మే. బైరప్ప నాకు సెప్పినాడు, వాడు పడినాడని."

ఆమె గంప దించింది. "ఎప్పుడు?"

"పడిన కొంచేపటికే."

"నువ్వేమంటివి?"

"వాళ్లోళ్లు ఉండారులే, సరే అంటిని."

"అని?"

"గొర్రెల్ని నీళ్లకు తోలుకొని పోతిని."

రెడ్డెమ్మ అతన్ని చూసింది. ఏడవలేదు. గంప నెత్తికెత్తుకుని దిబ్బ దాకా పోయి, దులిపి, వచ్చింది. చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ, అతని వైపు కాకుండా గొర్రెల వైపు చూస్తూ అంది.

"ఇన్నాళ్లూ వాళ్లను తిట్టుకుంటా కాలం తోసినా. ఇంగ నేను ఎవుర్ని తిట్టుకొని బతకల్ల?"

ఆమె లోపలికి పోయి పొయ్యి రాజేసింది.

మరుసటి రోజు నుంచి ఆ దొడ్లో తిట్లు వినిపించలేదు. పాపం, కాస్త తేరుకుంది, అనుకున్నారు ఇరుగుపొరుగువాళ్లు.