మామ అరువిచ్చిన రష్యన్ పుస్తకం

మా చిన్నప్పుడు... పుదుచ్చేరిలో మా మామ పుస్తకాల బీరువా తాళంచెవిని మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. లోపల నగలేం లేవు... విప్లవం నాటి రష్యన్ రచయితల పుస్తకాలు. ఆ రోజుల్లోనే, ఆ దేశంలోనే తొలిసారి అచ్చయిన ప్రతులు.

మామకు రష్యన్ అక్షరం ఒక్కటీ రాదు. కుర్రతనంలో ఆ కథల్ని తమిళంలో చదివి పిచ్చి పట్టించుకున్నాడు. పాత ఫ్రెంచి ఇళ్లు ఖాళీ చేస్తున్నారని తెలిస్తే చాలు, వాళ్లు పారేసే పుస్తకాల కోసం స్కూటరు తీసేవాడు. మేం ముట్టుకోబోతే "చేతులు కడిగినావా?" అనేవాడు. కడుక్కొచ్చినా ఇచ్చేవాడు కాదు.

అలాంటి మనిషి ఒక పుస్తకం అరువిచ్చాడు... యానాం నుంచి బదిలీ మీద వచ్చిన మూర్తిగారికి. ఆయనకీ అదే పిచ్చి. తన దగ్గరా అదే పుస్తకం ఉందని, రెండిట్లో ఏది ముందు అచ్చయిందో పోల్చి చూసుకుంటానని తీసుకెళ్లారు.

వారమన్నది నెలయింది.

"మంచిది పెట్టుకొని చిరిగింది ఇచ్చేస్తాడు, చూస్తా ఉండు" అంది అత్త.

మామ ఫోన్ చేస్తే, బైండింగుకి ఇచ్చానన్నారు మూర్తిగారు. మామ ముఖం మాడిపోయింది. "నేను చెప్పకుండా బైండింగు ఏంది?" మర్నాడు మార్కెట్లో అత్తను చూసి ఆయన పక్క సందులోకి తిరిగిపోయారట. ఇక అనుమానమే లేదు అనుకున్నాం...

ఆ ఆదివారం మామ నన్ను స్కూటరెక్కించుకుని గోరిమేడులోని మూర్తిగారింటికి బయల్దేరాడు. "నువ్వుంటే నాకు అరవబుద్ధి కాదు పాపా" అన్నాడు.

మూర్తిగారు తలుపు ఓరగా తీశారు. "రేపు నేనే తెస్తానండి."

"యాడుంది సామీ నా బుక్కు?"

మామ తలుపు నెట్టాడు.

గదినిండా తాళ్లు... తాళ్లకి బట్టల క్లిప్పులతో పుస్తకం ఆకులు ఆరేసి ఉన్నాయి. వానకి ఇంటికప్పు కారి రెండు పుస్తకాలూ తడిసి, కుట్లు ఊడి, కలిసిపోయాయట.

"ఏది మీదో, ఏది నాదో తెలియడం లేదండి. మంచి ఆకులన్నీ మీరే తీసుకోండి..."

మామ పెరట్లోకెళ్లి చేతులు కడుక్కొచ్చాడు. ఒక ఆకు కిటికీకి అడ్డంగా పట్టాడు. మూలన సూదిమొనంత వెలుగు. మామ పుస్తకాన్ని ఈ అట్ట నుంచి ఆ అట్టదాకా పురుగు తొలిచేసింది మరి.

"బెజ్జం పడిందే నాది. నాది నాకు చాలు."

సాయంత్రందాకా ముగ్గురం కూర్చుని వేరు చేశాం. మామ నాకూ ఆకులందించాడు... చేతులు కడిగినావా అని అడగలేదు.

తిరిగొస్తుంటే దారిలో స్కూటరు ఆపాడు. "పాపం, మంచోణ్ణి దొంగ అనుకుంటిమి. మీ అత్తకి నేను చెప్తాలే."

తర్వాత ప్రతి ఆదివారం మూర్తిగారికి మా ఇంట్లోనే కాఫీ. మామ పోయేవరకూ...

ఇప్పుడు ఆ పుస్తకాల ప్రతి పేజీ ఫోన్లో దొరుకుతోంది. తడవదు, చిరగదు, ఎవరూ ఎత్తుకుపోరు. పుస్తకం కోసం ఒకరింటి తలుపు ఇంకొకరు తట్టే పనీ లేదు...

మీ ఇంటి నుంచి అలా వెళ్లి ఇంకా తిరిగిరాని పుస్తకం ఏది? ఎవరి మీద మీ అనుమానం?