కాలేజీ చూపులు

మా నాన్న దేన్నీ చూడకుండా ఒప్పుకునే మనిషి కాదు. ఎద్దుని కొనాలంటే పళ్ళు చూడాలి, నాలుగడుగులు నడిపించి చూడాలి. విత్తనం కొనాలంటే నోట్లో వేసుకుని కొరికి చూడాలి. కొత్తగా బావి తవ్వితే ఊరందరికంటే ముందు దోసిలి పట్టి తాగి చూడాలి. అందుకే మా అక్క ఎస్సెస్సెల్సీ ఫస్టు క్లాసులో పాసై, గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో పీయూసీ చదువుతానన్నప్పుడు, "చూడకుండా పంపను. ముందు పోయి చూసొద్దాం" అన్నాడు.

"పెళ్ళిచూపులు విన్నాం గానీ కాలేజీ చూపులేందయ్యా, విడ్డూరం కాకపోతే!" అని మా అమ్మ ఒకటే నవ్వు. అప్పటినుంచీ ఇంట్లో ఆ ప్రయాణానికి అదే పేరైపోయింది.

మాది మార్టూరు నుంచి లోపలికి పోవాల్సిన పల్లె. పత్తి, మిరప తప్ప ఇంకో మాట లేని ఊరు. అరవైల మొదట్లో మాకింకా కరెంటు కూడా రాలేదు. హైస్కూలు చదువు పూర్తిచేసిన ఆడపిల్ల ఊరు మొత్తానికి మా అక్క ఒక్కతే. ఇంట్లో అక్కా నేనూ ఇద్దరమే. నేనప్పటికి ఇంకా గౌన్లు వేసుకునే పిల్లని.

అక్కకి ఆ కాలేజీ పిచ్చి ఎప్పటినుంచో ఉంది. హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ అక్కడే చదివిందట. ఆవిడ చెప్పినవన్నీ మోసుకొచ్చి, కళ్ళంలో మిరపకాయల తొడిమలు తీస్తూ నాకు చెప్పేది. పాలరాతి మెట్లుంటాయట. ఒక గది నిండా పుస్తకాలేనట, ఆ గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడరట. అంత నోరున్న మా ఊళ్ళో పుట్టినదాన్ని, నేను నమ్మలేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని అమ్మ దెప్పేది. అక్క పట్టించుకునేది కాదు. ప్రిన్సిపాలమ్మగారు అడిగితే చెప్పడానికి ఇంగ్లీషులో ఒక వాక్యం కూడా తయారు చేసుకుంది. బాగా చదువుకుని మళ్ళీ మా ఊరికే వచ్చి పిల్లలకి చదువు చెబుతానండీ అని దాని అర్థం. ఎండబెట్టిన కాయలు తిరగేస్తూ అక్క ఆ వాక్యం ఎన్నిసార్లు పలికిందో, చివరికి నాకు కూడా కంఠతా వచ్చేసింది. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

వట్టి చేతులతో పెద్దవాళ్ళ దగ్గరికి పోకూడదు కదా. ఆ ఏడు మా కాయ మహా బాగా పండింది. అమ్మ మంచి కాయ ఏరి, రోట్లో దంచి, జల్లించి, తెల్లటి గుడ్డలో కారం మూటగట్టింది. "బస్తీలో టీచరమ్మలకి ఇట్టాంటి కారం ఎక్కడ దొరుకుద్ది, పాపం" అంది. మిరప పండించే మా వైపు ఒక పద్ధతి ఉంది. కాయైనా కారమైనా మూట విప్పి చూపించకుండా ఎవరికీ ఇవ్వరు. కట్టిన మూట కట్టినట్టే చేతిలో పెడితే అడుగున రంగుపోయిన తాలుకాయ దాచినట్టు లెక్క. బేరగాడి ముందైనా, వియ్యపురాలి ముందైనా మూట విప్పాల్సిందే, గుప్పిట్లోకి తీసి రంగు చూపించాల్సిందే. మావాళ్ళకి అది మర్యాద.

ఆ మర్యాదే మా కొంప ముంచింది.

గుంటూరులో బస్సు దిగి ఎండలో నడిచి వెళ్ళాం. గేటు దాటగానే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మెట్లు పాలరాయి కాదు, మామూలు నాపరాయే. అయినా అక్క మొహం వెలిగిపోయింది. వరండాలో ఒక స్తంభాన్ని తాకి, "నేను ఇక్కడ కూర్చుని చదువుకుంటానే" అని నా చెవిలో చెప్పింది.

ప్రిన్సిపాలమ్మగారు తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ. మా నాన్నని ఎంతో మర్యాదగా కూర్చోమంది. నాన్న కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆవిడ అక్క మార్కులు చూసి "చాలా బాగా వచ్చాయమ్మా" అనేసరికి ఆయనకి ధైర్యం వచ్చింది. మూట బల్లమీద పెట్టి ముడి విప్పాడు.

"అమ్మగారూ, మా చేలో కాయండీ. మా ఇంటిది స్వయంగా దంచింది. రంగు చూడండమ్మా, రంగు చూడండి" అంటూ గుప్పిట నిండా కారం తీసి పైకెత్తాడు.

సరిగ్గా అప్పుడే ఆవిడ మా చెమటలు చూసి జాలిపడి, గుమ్మంలో ఉన్న ఆయమ్మతో, "పాపం, ఎండన పడి వచ్చారు, ఫ్యాను వెయ్యి" అంది.

కరెంటే లేని ఊరివాడు. నెత్తిమీద వేలాడే ఆ రెక్కల సంగతి మా నాన్నకెక్కడ తెలుస్తుంది?

ఇంకేముంది! గదంతా ఎర్రటి దుమ్ము లేచింది. ప్రిన్సిపాలమ్మగారు "అయ్యయ్యో" అంటూ కళ్ళు మూసుకుంది. ఆవిడ తెల్లచీర ఎర్రబడింది. ఆయమ్మ ఫ్యాను ఆపడం మానేసి దగ్గుతూ బయటికి పరుగెత్తింది. ఆ ఘాటు వరండాలోకి పోయి, పక్క క్లాసులోకీ పోయి, అటునుంచి ఒకటే తుమ్ములు. నాన్న కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. అట్లాంటి స్థితిలోనే ఆయన భుజాన ఉన్న కండువా తీసి బల్ల తుడవడం మొదలుపెట్టాడు. తుడిచేకొద్దీ దుమ్ము ఇంకా లేచింది. "తప్పయిందమ్మా, తప్పయిందమ్మా" అంటూ తుడుస్తూనే ఉన్నాడు.

వరండాలోకి అమ్మాయిలు గుంపుగా వచ్చేశారు. ముందు దగ్గారు, తర్వాత నవ్వారు. "ఎవరో ఆసామి కాలేజీకే తాలింపు పెట్టాడే!" అని ఒకరు. ఇంకొక పిల్ల అంతకుముందు గుమ్మం దగ్గర నిలబడి మా మాటలు విన్నట్టుంది, పైట చెంగుని కండువాలా భుజాన వేసుకుని, నడుం వంచి, "రంగు చూడండమ్మా, రంగు చూడండి" అంది. అచ్చం మా నాన్నలాగే అంది. మిగతావాళ్ళు పడీ పడీ నవ్వారు. వాళ్ళవి చెడ్డ బుద్ధులని నేననను. ఆ వయసులో నవ్వొస్తుంది. బస్తీవాళ్ళు మా ఊరొచ్చి పేడలో కాలేస్తే మేమూ నవ్వేవాళ్ళమే. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా, ఆ పిల్ల ఎదురుపడితే రెండు చెంపలూ వాయించాలని ఇప్పటికీ ఉంది.

కిటికీ పక్కన నిలబడ్డ అక్క ఆ వేషం మొత్తం చూసింది. నాన్న చూశాడో లేదో మాకు తెలియలేదు. కళ్ళు మండే మనిషికి ఏం కనపడుతుందిలే అనుకున్నాం.

ప్రిన్సిపాలమ్మగారు మొహం కడుక్కుని వచ్చింది. ఎంత మంచి మనిషో, "ఫ్యాను వెయ్యమంది నేనేనండీ, మీ తప్పేం లేదు" అని నవ్వేసింది. అక్కకి సీటిస్తానంది. "ఏమ్మా, చదువుకుని ఏం చేస్తావు?" అని అక్కని అడిగింది కూడా. అదే ప్రశ్న! అక్క ఇన్నాళ్ళు ఎదురుచూసిన ప్రశ్న. ఆ ఇంగ్లీషు వాక్యం నా నాలుక చివరదాకా వచ్చింది. అక్క మాత్రం నోరు విప్పలేదు.

ఆయమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నాన్న కళ్ళు కడుక్కుని తాగాడు. నేను గటగటా తాగాను. అక్క వద్దని తలూపింది. తర్వాత ఆయమ్మ మమ్మల్ని కాలేజీ, హాస్టలూ అంతా తిప్పి చూపించింది. పుస్తకాల గది నిజంగానే ఉంది. నిజంగానే ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. నాకు మతిపోయింది. అక్క కాళ్ళకింది నేల తప్ప ఏమీ చూడలేదు. ఏళ్ళ తరబడి ఆ కాలేజీని కలవరించిన అక్క దాన్ని ఆ పూట వదులుకుంది. అదంటే ఏమిటో తెలియని నేను ఆ పూటే దానిమీద మనసు పారేసుకున్నాను.

తిరుగు బస్సులో నాన్న అడిగాడు. "ఎట్టా ఉందమ్మా కాలేజీ?"

"నాకు నచ్చలా నాన్నా."

"అదేందమ్మా?"

"నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. హాస్టల్లో గాలాడదు. నేనక్కడ ఉండలేను."

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ "సరేలే తల్లీ, నీ ఇష్టం" అన్నాడు. చీరాలలోనో ఇంకెక్కడో చూద్దామా అని ఒకసారి అడిగాడు. అక్క అక్కర్లేదంది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మర్నాడు గడ్డివామి పక్కన అక్కని పట్టుకుని నేను పోట్లాడాను. "నీళ్ళు ఉప్పగా ఎక్కడున్నాయే? నువ్వు అబద్ధాలకోరువి!" అని అరిచాను. అక్క నా నోరు మూసింది.

"నాన్నని చూసి నవ్విన చోట నేనెట్టా చదివేదే? వాళ్ళ మధ్య కూర్చుంటే కొన్నాళ్ళకి నాకూ నాన్నని చూస్తే నవ్వొస్తుందేమోనని భయమేసింది. ఈ మాట నాన్నతో చెప్పబాకు. ఆయనకి తెలిసిందంటే తట్టుకోలేడు. నామీద ఒట్టు."

నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఎప్పుడూ తిడుతుండేది. ఆ మాట మాత్రం నానింది. నాన్నకి చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. "అంతదూరం తీసుకెళ్ళి చూపిస్తే నీళ్ళు బాలేవందటమ్మా మహారాణి" అని అమ్మ ఊరందరికీ చెప్పుకునేది. అక్క ఊరుకునేది. పై ఏడు అక్కకి పెళ్ళయింది. బావ మంచివాడు, పొగాకు రైతు. అక్క కాపురం గురించి నాకే దిగులూ లేదు. కానీ ఏ పండక్కో వచ్చినప్పుడు నా క్లాసు పుస్తకాలు తీసి, మొదటి పేజీ నుంచి చదువుతూ కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. అప్పుడు నాకు ఏడుపొచ్చేది, ఒళ్ళుమండి కోపం కూడా వచ్చేది.

కొన్నేళ్ళకి నా వంతు వచ్చింది. అదే కాలేజీ కావాలని పట్టుబట్టాను. నాన్న కాదనలేదు. బయల్దేరే రోజు పొద్దున ఆయన సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కోవడం చూశాను. అమ్మ పచ్చడి జాడీ ఇవ్వబోతే, "ఏమీ వద్దు" అని కసిరాడు. వట్టి చేతులతో వచ్చాడు, ఆ మనిషి!

కాలేజీ గేటు దగ్గర ఆగిపోయాడు.

"నువ్వెళ్ళి రామ్మా. నేనిక్కడుంటా."

"అదేంది నాన్నా, పెద్దవాళ్ళు రావాలిగా."

"నేనొస్తే నువ్వూ నచ్చలేదంటావేమోనమ్మా."

"నీకు తెలుసా?" అన్నాను.

"ఆ నీళ్ళు అక్క తాగనే లేదుగా. తాగకుండానే ఉప్పగా ఉన్నాయంది. నాకు తెలవదా? ఆ పిల్ల నాలాగా నడుం వంచడం నేనూ చూశాలే."

"మరి అప్పుడే అక్కతో చెప్పొచ్చుగా నాన్నా!"

"ఏమని చెప్పేది? నాకు తెలవకూడదనేగా అది చదువు మానుకుంది. తెలిసిందంటే ఇంకా కుమిలిపోదూ?" అని కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటానే ఉన్నా. ఈలోగా పెళ్ళయిపోయింది."

చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను. ప్రిన్సిపాలు మారింది, ఈవిడ కొత్తావిడ. కూర్చోమంటే నాన్న కూర్చోలేదు. ఒకసారి పైకి చూసి, ఫ్యాను కింద నుంచి తప్పుకుని, రెండు చేతులూ కండువాలో దాచుకుని గోడవారన నిలబడ్డాడు. చదువుకుని ఏం చేస్తావని ఆవిడ నన్ను కూడా అడిగింది. నేను అక్క వాక్యం చెప్పాను. ఒక్క అక్షరం మార్చలేదు.

దసరా సెలవల్లో అక్క ఊరు వెళ్ళాను. చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుకున్నాను, వెళ్ళగానే చెప్పేశాను. అక్క చేటలో బియ్యం ఏరుతోంది. వింటూ చెయ్యి ఆపింది.

"బస్సులోనే తెలుసా నాన్నకి?"

"బస్సులోనే తెలుసు."

అక్క మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. మంచి గింజలు కూడా ఏరి పారేస్తోంది, నేను చూస్తూనే ఉన్నాను. కాసేపటికి తలెత్తకుండానే అడిగింది.

"అక్కడ నీళ్ళు ఎట్టా ఉంటాయే?"

"తియ్యగా ఉంటాయక్కా" అన్నాను.

అక్క చేట పక్కన పెట్టి మోకాళ్ళలో తల దాచుకుంది. కాలేజీ మానుకున్న నాడు కూడా ఏడవని మా అక్క, ఆ రోజు ఏడ్చింది.