పింగాణీ గిన్నెలో రావి మొక్క

ఆరేళ్లుగా ఇది నా గొంతుకి అడ్డం పడి ఉంది. ఎవరితోనూ మాట పడని దాన్ని. ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపే జవాబు చెప్పే దాన్ని. ఈ ఒక్క మాట మాత్రం బయటికి తీయలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యమే ఉంటే ఆరేళ్లెందుకు పడుతుంది?

ఎమర్జెన్సీకి రెండేళ్ల ముందు సంగతి. పెద్ద పెద్ద చెట్లని గిన్నెల్లో పొట్టిగా పెంచే విద్య గురించి ఒక వారపత్రికలో వచ్చింది. మా పెరట్లో నూతి గోడ పగుల్లో జానెడు రావి మొక్క మొలిచి ఉంది. గిన్నెలో పెడదామని పీకబోతుంటే మా అత్తగారు అడ్డొచ్చారు. "ఇంట్లో రావి చెట్టేమిటే, ఎక్కడైనా ఉందా?" అన్నారు. "ఉండకూడదని ఏ పుస్తకంలో రాశారో చూపించండి" అన్నాను. నేను నెగ్గాను. తిరువూరులో బి.ఏ. చదివిన కోడళ్లు అప్పటికి ఎంతమందని? నెగ్గడం నా హక్కనుకునేదాన్ని.

గిన్నె అడుగున చిల్లు పెట్టాలని పత్రికలో స్పష్టంగా ఉంది. చదివాను. కానీ నాకు నా పెళ్లికి వచ్చిన నీలం పూల పింగాణీ గిన్నే కావాలి. చిల్లు పెడితే పగులుతుంది. మట్టి మూకుడులో పెడితే ఎవరు చూస్తారు? నాలుగు గులకరాళ్లు వేస్తే సరిపోతుందనుకున్నాను. తల్లివేరు కత్తిరించి, నాటి, ముందుగదిలో కిటికీ పక్కన స్టూలు మీద పెట్టాను. పూటకో చెంబు నీళ్లు. మూడు కొత్త ఆకులేసింది. వచ్చినవాళ్లందరినీ కాఫీ ఇవ్వకముందే దాని దగ్గరికి తీసుకెళ్లేదాన్ని.

మా అత్తగారి అక్క మా ఇంట్లోనే ఉండేది. పెద్దత్తయ్య అనేదాన్ని. భర్త పోయాక పెనుగొలను నుంచి ట్రంకుపెట్టెతో వచ్చిన మనిషి. ఆవిడకి అది ఆటవస్తువు కాదు. రావిని శనివారమే తాకాలి. అందుకని ప్రతి శనివారం తలంటుకుని వచ్చి, ఒక్క ఉద్ధరిణెడు నీళ్లు మొక్క మొదట్లో పోసేది. స్టూలు గోడకి ఆని ఉండటంతో చుట్టూ తిరిగే వీల్లేక, తన చుట్టూ తనే మూడుసార్లు తిరిగేది.

"పెద్దత్తయ్యా, మీ దేవుడు మీ మోకాలి దాకా కూడా రాడు" అని నవ్వాను ఒకసారి.

"పొట్టివాడైతే దేవుడు కాకుండా పోతాడా, అమ్మాయ్?"

ఆ పూట నెగ్గింది ఆవిడే. అది మనసులో పెట్టుకున్నానా? పెట్టుకున్నాననే అనుకుంటున్నాను.

రెండో నెలలో ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే రాలాయి. చివరికి పుల్ల మిగిలింది. మా ఆయన ముందు, పక్కింటివాళ్ల ముందు అత్తగారు అందుకున్నారు: "చదువుకున్న చెయ్యి పడిందిగా, ఇంకెక్కడ బతుకుతుంది!"

నా ఒళ్లు మండింది.

"నా చెయ్యి కాదు. వారం వారం మీ అక్కగారు పోసే నీళ్లకి వేళ్లు కుళ్లాయి."

"నేనా, అమ్మాయ్?" అంది తలుపు దగ్గరున్న పెద్దత్తయ్య. "ఉద్ధరిణెడేగా పోసింది?"

"మీకు ఉద్ధరిణెడే. దానికది చెరువు. రావిని చంపింది మీరే, పెద్దత్తయ్యా."

ఆవిడ తన అరచేతులకేసి చూసుకుంది. వాదించి ఉంటే బాగుండేది. వాదించేవాళ్లతో ఎలా వేగాలో నాకు తెలుసు.

మర్నాడు గిన్నె పెరట్లో బోర్లించాను. ముందు కంపు కొట్టే నల్లటి నీళ్లొచ్చాయి, తర్వాత మట్టి. వేళ్లు ఉడికిన తోటకూర కాడల్లా చేతికంటుకున్నాయి. పూటకో చెంబు నేను పోసిన నీళ్లు, పోవడానికి దారి లేక అక్కడే నిలబడ్డాయి. చుట్టూ ఎవరూ లేరు. గిన్నె తోమి లోపలికొచ్చాను.

పై శనివారం పెద్దత్తయ్య బస్సెక్కి నెమలి అనే ఊరికి వెళ్లి, అక్కడి వేణుగోపాలస్వామి ముందు రాత్రి అన్నం వదిలేసి వచ్చింది. బతికున్నంత కాలానికీ. ఆ పూట నుంచి రాత్రి భోజనాలకి ఒక విస్తరి తక్కువ వేశాను. వేసింది నేనే. పెద్ద వయసులో ఒంటిపూట మంచిదేలే అని నాకు నేనే చెప్పుకున్నాను, నా నోరు నాతో కూడా ఎంత బాగా వాదిస్తుందో చూడండి, మాటకి మాట, ఎక్కడా తడబడకుండా. రాత్రి ఆకలితో పక్కమీద దొర్లినా గాజుల చప్పుడైనా వినపడదు కదా, ఆవిడకి గాజుల్లేవు.

పోయిన చలికాలం ఆవిడకి జ్వరం పట్టుకుంది. రాత్రిపూట జావ తాగించమన్నాడు డాక్టరు. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"వద్దమ్మాయ్. చెట్టుని చంపిన పాపమే ఇంకా ఉంది, మాట తప్పిన పాపం కూడానా?"

గిన్నెకి చిల్లు లేదు, తప్పు నాది. ఇంతే చెప్పాల్సింది. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు. ఆవిడ వింటారని ఆగాను. నన్ను దెప్పుతారని! నాలుగు రోజులకి పెద్దత్తయ్య పోయింది. జావ తాగితే బతికేదని నేననను. బతికేది కాదని కూడా అనలేను.

మొన్న ఆ గిన్నె బీరువాలోంచి దించి, పొద్దున్నే నిండా నీళ్లు పోసి అదే స్టూలు మీద పెట్టాను. ఏం చూడాలనుకున్నానో నాకే తెలియదు. సాయంత్రం దాకా చూశాను. ఒక్క చుక్కా కిందికి దిగలేదు, స్టూలు పొడిగానే ఉంది. అప్పుడు కాగితం తీసుకున్నాను.