నాకు అమ్మని రేడియో కంపెనీ వాటాలు

పాత వాల్వు రేడియో వేడెక్కితే లోపలి దుమ్ము కాలిన వాసన వస్తుంది. మొన్న పంజగుట్టలో ఒక మరమ్మతు దుకాణం ముందు ఆ వాసన తగిలి ఆగిపోయాను. సుగుణమ్మ టీచర్ వరండాలోనూ అదే వాసన ఉండేది.

ఆమెను మీరెరుగరు. రెండో ప్రపంచ లడాయి రోజుల్లో అమీర్‌పేటలో చర్చి పక్కన, తన ఇంటి వరండాలోనే పిల్లలకు చదువు చెప్పేది. వానొస్తే బడి లేదు. భర్త రేడియోలు చేసే కంపెనీలో పనిచేసి, ఒక రేడియోనూ కొన్ని వాటాలనూ మిగిల్చి చనిపోయాడు. ఆ వాటాలు అమ్మి బడికి ఒక గది కట్టించాలని ఆమె కోరిక. నేను బంజారా హిల్స్‌లో బంగళాలు కట్టే మేస్త్రీని. ముప్పై దాటినా అక్షరం ముక్క రాదు. గదికి పునాది గీతల ముగ్గు పోసింది నేనే, వాటాలు కొంటానన్నదీ నేనే.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అడిగాను. "గవి నాకియ్యి టీచరమ్మా. లడాయి ముచ్చట్లు ఇననీకి ఊరంత రేడియోలు కొంటరు. కంపెనీ ఏడికో పోతది."

"ఏడికి పోతదో కోర్టు చెప్తది," అంది.

కంపెనీ మీద కేసు నడుస్తోంది. చిన్న కంపెనీలన్నిటినీ మింగి, మిగిలినవాళ్ళకు వాల్వులు దొరక్కుండా చేసిందట. ఓడితే ముక్కలు చేస్తారట, ఇక వాటాలకు విలువ ఉండదట.

ఆమె తమ్ముడు ప్రకాశం నెత్తి కొట్టుకున్నాడు. "అక్కా, నీకేమన్న పిచ్చా? కేసు పడ్డంక ఎవ్వడు కొంటలేడు. వచ్చిన ఒక్కణ్ణి సుత బెదరగొడ్తున్నవ్. గెలిస్తే బంగారం గాదా?"

"గెలవొచ్చు, ఓడొచ్చు. నాకు తెల్వదు. తెల్వదన్న సంగతి గీయనకు తెల్వాలె గద." నా వైపు తిరిగింది. "నర్సింహా, పేపర్ల ఏం రాసిన్రో నువ్వే సదువు. గప్పుడు సుత కావాలంటే తీస్కో."

"గప్పటిదాక ధర పెరుగుతది గదమ్మా!"

"పెరిగితే పెరిగిన ధరకే కొను."

నాకు మండింది. కూలోడినని ఇవ్వట్లేదనుకున్నాను. పంతానికే పలక పట్టాను. పని దిగి సున్నపు చేతులతోనే వెళ్ళేవాణ్ణి. "మేస్త్రీ, అక్షరం రాస్తున్నవా, గోడ కడ్తున్నవా?" అని ప్రకాశం వెక్కిరించేవాడు. ఆమె మాత్రం, "వంకరున్నది, తీసి మళ్ళ పెట్టు," అనేది, నేను కూలీలతో అన్నట్టే.

ఎవరి సాయమూ లేకుండా నేను చదవగలిగిన మొదటి వార్త ఆ కేసు తీర్పే. కంపెనీ ఓడింది. సగంలో నాకర్థమై ఆగిపోయాను. "మొత్తం సదువు," అంది. చదివాను. "బాగ సదివినవ్," అని లేచి లోపలికి పోయింది. ఎంతకీ రాలేదు.

వాటాలు చిత్తుకాగితాలయ్యాయి. కూలి లేకుండా కడతానంటే, "రాళ్ళు సుత ఊరికే వస్తయా?" అంది. కొన్నేళ్ళకే జ్వరంతో పోయింది. శవపేటికను ఆ వరండాలోనే ఉంచారు, పిల్లలు ఎండలో నిలబడ్డారు.

అమ్మి ఉంటే నేను మునిగేవాణ్ణి, గది లేచేది. మళ్ళీ కష్టపడి నేనెలాగో తేలేవాణ్ణి. అదే మేలేమోనని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. అయినా నా కింద పనికొచ్చి వేలిముద్ర వేయబోయిన ఎవరికైనా, కాగితం మొత్తం చదివి వినిపించాకే సిరా ఇచ్చాను. పని ఆలస్యమవుతోందని బంగళా యజమానులు అరిచేవాళ్ళు. అరవనిచ్చి, చదివేవాణ్ణి.