జుల్మీరా గారి మధ్య గొంతు

మొన్న మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో మైకు అందుకోగానే దాని స్పాంజి తొడుగు వాసన ముక్కుకు తగిలింది. నాకంటే ముందు మాట్లాడిన వక్తలందరి కాఫీ, వక్కపొడి, దగ్గుబిళ్ళలూ కలిసి ఊరిన వాసన. వ్యాఖ్యాతగా నా అనుభవం సామాన్యమైనది కాదు, ఇప్పటికి అలాంటి తొడుగులు ఒక బస్తాడు నమిలి ఉంటాను. అయినా ఆ వాసన తగిలితే సిగ్గుతో నా చెవులు వేడెక్కుతాయి. న్యూవార్క్‌లో బేకరీ మేడమీద ఒక చిన్న రేడియో స్టేషనూ, అక్కడ రేడియోకి కూడా ఎర్ర లిప్‌స్టిక్ వేసుకొచ్చిన ఒక పెద్దావిడా గుర్తొస్తారు.

ఆవిడ బ్రెజిల్ మనిషి, దోనా జుల్మీరా. దోనా అంటే మన 'గారు' వచ్చి పేరుకి ముందు కూర్చోవడమే. మేం న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో అద్దెకున్న రోజుల్లో మా పై అపార్ట్‌మెంట్‌లో, ఫార్మా కంపెనీలో పనిచేసే కూతురు లూసియాతో ఉండేవారు. నా గొంతు గురించి అతిశయోక్తి లేకుండా చెప్పాలంటే, నేను ప్లెయిన్స్‌బరోలో తుమ్మితే ప్రిన్స్‌టన్‌లో జనం గొడుగులు విప్పుతారు. ఒక శనివారం నేను బాత్రూంలో పాడుతుంటే ఎవరో తలుపు తట్టారు. మా ఆవిడ సరళ, క్షమాపణ నోట్లో సిద్ధంగా పెట్టుకుని తలుపు తీసింది.

"ఆ పాడేదెవరు?" అన్నారు జుల్మీరా, ఇంగ్లీషులో.

"మావారండీ. ఆపమని పెళ్ళైనప్పటినుంచీ చెప్తూనే ఉన్నాను."

"ఆపొద్దు. ఓడ రేవులోకి వస్తున్నట్టుంది. నాకు అలాంటి గొంతొకటి కావాలి."

"తీసుకుపొండి, మళ్ళీ తేవక్కర్లేదు," అంది సరళ.

అలా నేను వాళ్ళింటికి రాకపోకలు మొదలుపెట్టాను. ఆవిడ వయసులో ఉండగా రియోలో రేడియోదే రాజ్యమట. ముగ్గురు మగవాళ్ళూ తనూ కలిసి 'రేవు నలుగురు' అనే బృందంగా వారం వారం, జనంతో కిటకిటలాడే స్టూడియోలో, సబ్బుల కంపెనీ వారి ఖర్చుతో పాడేవారు. నలుగురికీ ఒకటే మైకు. హెచ్చుతగ్గులు సరిచూసుకోవడం కాళ్ళతోనే. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళు అంత వెనక నిలబడాలి. నేలమీద సుద్దతో ఎవరి గుర్తు వాళ్ళకుండేది. తర్వాత టీవీ వచ్చింది. గొంతులకి మొహాలు కూడా అవసరమయ్యాయి. ఒకాయన టాక్సీ నడిపాడు, ఒకాయన ఇన్సూరెన్సు అమ్మాడు, మూడో ఆయన్ని ఈవిడే పెళ్ళాడి వదిలేశారు. పాడినదంతా గాల్లోకే పోయింది, ఒక్క రికార్డూ మిగల్లేదు.

ఒక పాట పాడమన్నాను. పాడారు. రెండు మూడు స్వరాల మధ్యే తచ్చాడుతూ, ఎవరో ఎక్కాలు వల్లె వేస్తున్నట్టుంది.

"ఇదేనా అంత పేరొచ్చిన పాట?"

"ఇది పాటలో నాలుగో వంతు అబ్బాయ్. నాది మధ్య గొంతు. మిగతా ముగ్గురూ మట్టిలో ఉన్నారు."

న్యూవార్క్‌లోని బ్రెజిల్ వాళ్ళ స్టేషన్ ఆవిడని ఒక ఆదివారం కార్యక్రమానికి పిలిచింది. ఆ పాట ఒక్కసారి, నాలుగు గొంతులతో, నిండుగా గాల్లోకి వెళ్ళాలి. ఆవిడ కోరిక అదొక్కటే. లూసియాకి అసలు బాణీ, సరళకి పై గొంతు, నాకు కింది గొంతు నేర్పారు. పోర్చుగీసు మాటలు తెలుగు లిపిలో రాసుకున్నాం. వాళ్ళ లివింగ్ రూమ్ కార్పెట్ మీద సుద్ద గీయడం కుదరక టేపు అంటించారు. నా టేపు ముక్క ఎంత దూరంలో ఉందంటే, అక్కడికి వెళ్ళాలంటే పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా డ్రైవింగ్ లైసెన్సు కావాలి. నా చిక్కల్లా ఏమిటంటే, మన భజనలో ఎంతమంది ఉన్నా అందరిదీ ఒకే బాణీ, గట్టిగా పాడినవాడిదే భక్తి. నాలుగు రకాలుగా పాడుతూ, అందులోనూ ఒదిగి పాడడం నా ఒంటికి పడలేదు.

"ఊపొస్తే ముందుకొస్తున్నావు," అనేవారు ఆవిడ. "ఊపు గొంతులో ఉంచు. కాళ్ళకి చెప్పకు."

ఆ ఆదివారం స్టేషన్‌లో మొదటి చరణం అద్భుతంగా కుదిరింది. ఎక్కాల్లా వినిపించిన ఆవిడ మధ్య గొంతు, నాలుగూ కలిశాక, ఇంటికి దూలంలా నిలబడింది. అద్దం అవతల కార్యక్రమం నడిపే ఆయన నాకేసి బొటనవేలు ఎత్తి చూపించాడు. అంతే, నాకు భక్తి పుట్టింది. రెండో చరణంలో నా కాళ్ళు ఎప్పుడు కదిలాయో తెలీదు. చివరికి స్పాంజి నా మూతికి తగులుతోంది, ఆ వాసన నా ఊపిరి నిండా ఉంది, గది అద్దాలు అదురుతున్నాయి. పాట ముగియగానే ఆయన "ఏం ముగింపు!" అని అరిచాడు. ఫోన్లలో శ్రోతలు అభినందించారు. నేను పెళ్ళికొడుకులా మెట్లు దిగాను.

పార్కింగ్‌లో సరళ నా చెయ్యి పట్టి ఆపింది. తల్లీకూతుళ్ళు ముందు నడుస్తున్నారు.

"ఏమండీ, రెండో చరణంలో ఆవిడ తన గొంతు ఆపేసి మీతో కలిసి మీదే పాడారు. విన్నారా?"

వినలేదు. నాకు నేను తప్ప ఎవరూ వినపడలేదు. న్యూజెర్సీ టర్న్‌పైక్ అంతటా ఒక్క జోకూ వెయ్యకుండా డ్రైవ్ చేశాను, నా జీవితంలో అదో రికార్డు. చివరికి, "ఎందుకు ఆపేశారు దోనా జుల్మీరా?" అని అడిగాను.

"ఒకడు ముందుకొచ్చేస్తే మిగతావాళ్ళు వాడి వెంట వెళ్ళాలి. అలా చేస్తే వినేవాళ్ళకి అదే పద్ధతనిపిస్తుంది. లేకపోతే వాడి పరువు పోతుంది."

"మళ్ళీ వెళ్దాం. నేనే ఫోన్ చేసి అడుగుతాను."

"ఒక ముసలిదాన్ని రెండుసార్లు పిలవరు అబ్బాయ్," అని అద్దంలో లిప్‌స్టిక్ సరిచేసుకున్నారు.

మర్నాడు వెళ్ళి మీ గొంతు నాకు నేర్పమన్నాను. నవ్వారు కానీ నేర్పారు. పక్కపక్కన నిలబడి, ఆవిడ గొంతు నాకు వినపడేంత మెల్లగా పాడాలని షరతు. వినపడకపోతే మోచేత్తో డొక్కలో పొడిచేవారు. ఆ చలికాలమంతా నా డొక్క నీలంగానే ఉంది.

రెండేళ్ళ తర్వాత ఆవిడ పోయారు. న్యూవార్క్‌లోనే వీడ్కోలు సభ. ఆ పాటే పాడదామంది లూసియా, నన్ను కింది గొంతు అందుకోమంది. నేను అది పాడితే ఆవిడది ఎవరు పాడతారు? మధ్య గొంతు నేను పాడతానన్నాను. వెనక వరసలో గోడకి ఆనుకుని నిలబడి, లూసియా, సరళల గొంతులు వినపడేలా పాడాను. కింద ఉండాల్సిన గొంతు లేదు. ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

సభ అయ్యాక ఆ స్టేషన్ ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరు కూడా పాడి ఉంటే ఎంత బావుండేది! ఆ రోజు ఏం గొంతండీ అది!"

నేను నోరు తెరిచాను. ఒక చిన్న పురాణానికి సరిపడా సరుకు నాలుక మీదికి వచ్చేసింది.

"ఈసారి కుదరలేదండీ," అన్నాను.

ఇప్పటికీ కార్లో ఒక్కణ్ణే వెళ్తున్నప్పుడు ఆవిడ గొంతు పాడుకుంటాను. ఎటునుంచి విన్నా అది పాటలా ఉండదు. ఎప్పుడైనా పక్కన సరళ ఉండి, మనసు పుట్టి పై గొంతు అందుకుంటే, సగం పాటవుతుంది.