లాల్ సాహెబ్ అనుమానం

అనుమానం పెనుభూతం అంటారు. మా ప్లాంటులో ఆ భూతానికి కాళ్లూ చేతులూ ఉన్నాయి, పేరు లాల్ సాహెబ్. పాణ్యం దగ్గర వరిపొట్టు కాల్చి కరెంటు తీసే చిన్న ప్లాంటు మాది. నేను కంట్రోల్ రూములో కూర్చుని తెరలు చూసే ఆపరేటర్ని. ఆయన ఆ తెరల మీద కనబడే అంకెలు నిజమో కాదో తేల్చే ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. వాళ్ల నాయన ఆళ్లగడ్డలో గడియారాలు బాగుచేసేవాడట. ఆ పనితనం కొడుక్కి వచ్చింది. నంద్యాలలో ఐటీఐ చదివి, ఇరవై నాలుగేళ్లుగా ఆళ్లగడ్డ నుంచి రెండు బస్సులు మారి వచ్చి పోతున్నాడు.

పని చేతకాదని ఆయన్ను ఎవరూ అనలేరు. చేసిన పని చేశానో లేదో అన్న దిగులే ఆయన్ను తినేది. గేటు దాటాక వెనక్కి వచ్చి తాళం లాగి చూసేవాడు. బస్సెక్కాక ఫోన్ చేసేవాడు. "శ్రీకాంతా, ఆ వాల్వు మూత బిగించినానా, ఒకసారి చూడప్పా." వారానికి మూడుసార్లు నన్ను కుర్చీలోంచి లేపేవాడు. వెళ్లి చూస్తే మూత బిగించే ఉండేది. నాకు విసుగు. నలుగురిలో ఆయన గొంతు అనుకరించి నవ్వించేవాణ్ని కూడా.

ఒక ఆదివారం ఆయన మనవరాలు ఆయేషాకు బిస్మిల్లా. పిల్లకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు మొదటి అక్షరం చెప్పించే వేడుక అది. తాత ఒళ్లో కూర్చుంటేనే చదువుతానని ఆ పిల్ల ముందే చెప్పిందట. లాల్ సాహెబ్ పొద్దున ఒక్క పని ముగించుకుని, పదింటికే పర్మిషన్ పెట్టి వెళ్లిపోయాడు.

ఆ పని బాయిలర్ డ్రమ్ములో నీళ్ల మట్టం చెప్పే మీటరు పరీక్ష. డ్రమ్ములో నీళ్లు తగ్గితే బాయిలర్ దానంతటదే ఆగిపోవాలి. పరీక్ష చేసేటప్పుడు ఊరికే ఆగకుండా ప్యానెల్లో ఒక ఎర్ర వైరు ముక్క అడ్డం పెడతారు. పని కాగానే తీసేయాలి. తీయకపోతే నీళ్లు అడుగంటినా బాయిలర్ మండుతూనే ఉంటుంది, పేలినా పేలుతుంది. వైరు తీశానని ఆయన రిజిస్టరులో సంతకం పెట్టే వెళ్లాడు.

ఒంటిగంటకు ఫోన్ మోగింది. నేను అన్నం డబ్బా ముందు కూర్చున్నాను.

"అప్పా, ఎర్ర వైరు తీసినానా లేదా, గుర్తు రాకుండా ఉంది. లేసి పోయి చూడు."

"సంతకం పెట్టినావు కదన్నా!"

"పెట్టినా. అయినా చూడు."

ప్యానెల్ గది నలభై అడుగుల దూరం. చెయ్యి కడగాలి, తలుపు తీయాలి. నేను ఫోన్ పక్కన పెట్టి, మూడు ముద్దలు తిని, మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాను. "చూసినా అన్నా, లేదు. పిల్ల దగ్గరికి పో."

ఆయన ఫోన్ పెట్టేశాడు.

రెండున్నరకు నీళ్ల పంపు తడబడింది. తెర మీద డ్రమ్ము మట్టం జారింది, ఇంకా జారింది. పంపు తేరుకుని మట్టం మళ్లీ పైకొచ్చింది గానీ నాకు ఒంటిగంట ఫోన్ గుర్తొచ్చింది. లేచి ప్యానెల్ గదికి పరుగెత్తాను.

వైరు అక్కడే ఉంది. ఎర్రగా, వేలెడంత.

ఆ వైర్లు ఆపరేటర్లం మేము ముట్టుకోకూడదు. ఒకదానికి బదులు ఇంకొకటి లాగితే ప్లాంటంతా ఆగిపోతుంది. ఇంకో టెక్నీషియన్ అజయ్ కుమార్ ఆదివారం రెండింటికే వెళ్లిపోతాడు. ఒంటిగంటకు నేను లేచి ఉంటే అతనే అయిదు నిమిషాల్లో తీసేవాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. బాయిలర్ ఆపినా, ఇన్‌చార్జికి చెప్పినా నా అబద్ధం బయటపడుతుంది. లాల్ సాహెబ్‌కు ఫోన్ చేస్తే ఆయన భార్య హమీదాబీ ఎత్తింది.

"ఫోన్ ఈడే మర్సిపోయి బస్సెక్కినాడప్పా. ఆడికే వస్తాండాడు. నువ్వు చూసినానని చెప్పినా కుదురు లేదంట. పిల్లేమో తాత కావాలని ఏడుస్తాంది."

అప్పటినుంచి ఒక గంట నేను పడింది ఎవరికీ వద్దు. బాయిలర్ దగ్గర పొట్టు చూసే దేవసహాయానికి ఫోన్ చేసి, "నీళ్ల మట్టం చూపే గాజు గొట్టం మీంచి కన్ను తీయొద్దు, తగ్గితే కేకెయ్" అన్నాను.

"ఏందన్నా, ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదు, చూస్తా ఉండు" అన్నాను. బాయిలర్ పేలితే మొదట పోయేది అతనే. అది తెలిసి కూడా పక్కకు రమ్మనలేకపోయాను. నా పిరికితనాన్ని ఇప్పటికీ తిట్టుకుంటాను.

మూడున్నర దాటాక లాల్ సాహెబ్ వచ్చాడు. తెల్ల లాల్చీ, చెవి దగ్గర అత్తరు. నా వైపు చూడకుండా నేరుగా ప్యానెల్ గదిలోకి వెళ్లి వైరు తీశాడు. బయటికొచ్చి రిజిస్టరు తెరిచి రాశాడు: "వైరు తీయడం మరిచాను. 3:40కి తీశాను. తప్పు నాది." సంతకం పెట్టాడు.

"అన్నా, నేను చూసినానని చెప్పినా కదా, మళ్లా ఎందుకొచ్చినావు?"

"నువ్వు లేసిన సప్పుడు రాల్యా. నమిల్తానే సెప్పినావు."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు.

"పిల్లకు బిస్మిల్లా..."

"అయిపోయింటుంది. వాళ్ల నాయన ఒళ్లో కూర్చోబెట్టుకునుంటాడు." కుర్చీలో కూర్చుని నీళ్లు అడిగి తాగాడు. ఆరింటిదాకా అక్కడే ఉండి, దేవసహాయాన్ని పలకరించి, బస్సుకు వెళ్లాడు.

మర్నాడు ఆయనకు మెమో ఇచ్చారు. ఒంటిగంట ఫోన్ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇది జరిగి రెండేళ్లయింది. నాతో బాగానే ఉంటాడు. రంజాన్‌కు సేమ్యా డబ్బా తెస్తాడు. బస్సెక్కాక ఫోన్ మాత్రం అజయ్ కుమార్‌కు చేస్తాడు. ఇప్పుడు ఆయన పని ముగించగానే, ఎవరూ అడగకపోయినా, నేనే లేచి వెళ్లి ప్యానెల్ చూసి వస్తున్నాను. "చూసినా అన్నా, అన్నీ తీసేసినావు" అంటాను.

"సరేప్పా" అంటాడు. సంచీ కింద పెట్టి, వెళ్లి తనే చూసుకుని వస్తాడు.