రజిత వంతు

మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనానికి వెళ్ళే కంపెనీ బస్సులో ఉమాశ్రీ పక్క సీటు మీద ఎప్పుడూ టిఫిన్ బ్యాగు ఉంటుంది. కూకట్‌పల్లి దాటగానే కిటికీకి తల ఆనించి, తన కాలేజీ పాట సన్నగా పాడుకుంటుంది. ఆఖరి పాదం పక్కనున్నవాళ్ళు అందుకోవాలన్నది ఆ కాలేజీ ఆనవాయితీ. అక్కడికి రాగానే ఆగిపోయి, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటుంది. మరిచిపోయిందనే అందరూ అనుకున్నారు. ఈమధ్య ఆదర్శ్ అని, అదే కాలేజీ కుర్రాడు కొత్తగా ఉద్యోగంలో చేరాడు. మొన్న వెనక సీట్లోంచి హుషారుగా ఆ పాదం అందుకోబోయాడు. ఉమాశ్రీ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

“తప్పు పాడానా మేడమ్?”

“లేదండీ. అది మా రజిత వంతు. కాలేజీలో ఎప్పుడూ నా పక్కనే కూర్చునేది, కామెర్లొచ్చి నిరుడు పోయింది.” బ్యాగు ఒళ్ళోకి తీసుకుని, ఖాళీ సీటును అరచేత్తో తుడిచింది. “మీరు పాడేస్తే పాట అయిపోతుందండీ.”